మా వదిన ఏరిన అక్షరాలు

మా వదిన పోయింది. పుట్టింటికని తడ దగ్గరి పల్లెకు వెళ్ళిన మనిషి, పొద్దున కాఫీ తాగి, ఎదలో ఏదో పట్టేసినట్టుందని గోడకు ఆనుకొని కూర్చుందట. కారు తెప్పించి సూళ్ళూరుపేట ఆస్పత్రికి బయలుదేరారు. ఊరు చేరకముందే ప్రాణం పోయింది.

అన్న నాకు ఫోన్ చేసినప్పుడు నేను తిరుపతిలో మా ఆఫీసులోనే ఉన్నాను. "పాపా, మీ వదిన..." అన్నాడు. మిగతాది చెప్పలేకపోయాడు. చెప్పకుండానే నాకు అర్థమైంది. ఇద్దరం కారెక్కాం. శ్రీకాళహస్తి దాటింది, నాయుడుపేట దాటింది, నేను ఫోను చేతిలోనుంచి దించలేదు. మామూలుగా అయితే ఈ దారిలో ఆమె కనీసం నాలుగైదు సార్లు చేసేది. "ఎక్కినారా? యాడ ఉండారు? డ్రైవరు నిద్రమొహంగా లేడు గదా?" ఆ రోజు దారి పొడుగునా ఎవరూ అడగలేదు. డ్రైవరు నిద్రమొహంగా ఉన్నాడేమోనని నేనే ముందుకు వంగి వంగి చూశాను.

మీలో చాలామందికి ఆమె తెలియదు. తెలిసే అవకాశమూ లేదు. అయితే తిరుపతిలోనో చిత్తూరులోనో ఒక లాడ్జీకో, పెళ్ళి మండపానికో, చిన్న బడికో, నర్సింగ్ హోముకో ఉన్న వెబ్‌సైటును మీరు ఎప్పుడైనా తెలుగులో చదివి ఉంటే, ఆమె ఏరిన అక్షరాలు మీ కళ్ళ ముందునుంచి పోయే ఉంటాయి. మీరు వాటిని గమనించి ఉండరు. గమనించకూడదనే ఆమె అంత అవస్థ పడింది.

చెన్నైలో బొమ్మలూ కంప్యూటరూ రెండూ నేర్చుకుంది మా వదిన. పెళ్ళయి తిరుపతి వచ్చాక, బస్టాండు దగ్గర ఒక టిఫిను హోటలు మీద గది అద్దెకు తీసుకుని వెబ్‌సైట్లు చేసే పని పెట్టుకుంది. డిగ్రీ అయ్యాక నేనూ అందులో చేరాను. ఇద్దరమే. కింద కారం దోసెల వాసన, పైన మేము. బొమ్మలు, రంగులు, పేజీ కట్టడం నా పని. అక్షరాలు మాత్రం ఆమె నాకు వదల్లేదు.

ఎందుకంటే ఆమెకు భయం. అసలు మా వదినంత భయస్తురాలిని నేను చూడలేదు. గ్యాసు కట్టేశానా లేదా అని రేణిగుంటలో బస్సు దిగి వెనక్కి వచ్చిన మనిషి ఆమె. ఆకాశం కాస్త ముసురుపడితే పులికాట్ ఒడ్డున ఉన్న తమ్ముడికి ఫోను చేసేది. అరచేతులు ఊరికే చెమర్చేవి. మౌసు పట్టుకునే ముందు కొంగుకు తుడుచుకునేది. అది చూసి అన్న నవ్వేవాడు. ఆమెకు కోపం వచ్చేది కాదు. "నవ్వుకో. ఎవురో ఒకరు భయపడాల గదా ఇంట్లో" అనేది.

మా ఖాతాదారులు చిన్నవాళ్ళు. కొనే అక్షరాల జోలికి పోయేవాళ్ళు కాదు. అందుకని మాకు దొరికేవన్నీ ఉచితంగా ఇచ్చే ఫాంట్లే. ఇంగ్లీషుకు అవి కుప్పలు తెప్పలు. తెలుగుకు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాలి. వాటిలోనూ కొన్నింటికి లావు అక్షరం ఉండదు, కొన్నింటికి అంకెలు పొసగవు, కొన్నింటిలో తెలుగు బాగుంటే పక్కన వచ్చే ఇంగ్లీషు బాగుండదు. కొన్ని బరువెక్కువ. సిగ్నలు తక్కువ ఉన్న చోట అక్షరాలు దిగేదాకా పేజీ తెల్లగా నిలబడిపోతుంది. "ఆ తెల్లపేజీ సూసి మనిషి ఎంత సేపు నిలబడతాడు పాపా? పోతాడు" అనేది. ఆమె ఫాంటు ఎంచుకోవడం చూస్తే, వాకిట్లో చేటతో బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టే ఉండేది. పక్కన ఎవరు మాట్లాడినా తల ఎత్తేది కాదు.

ముందు కష్టమైన మాటలు పెట్టి చూసేది. స్త్రీ, జ్ఞాపకం, ఉష్ణోగ్రత, కర్తృత్వం, లక్ష్మి, రాష్ట్రం. ఒత్తుల మీద ఒత్తులు పడే మాటలన్నీ. ఒకసారి నాకు బాగా నచ్చిన ఒక ఫాంటు 'రాష్ట్రం' దగ్గర కుప్పకూలింది. టావత్తు ఒకవైపు, కింద ఉండాల్సిన రావత్తు ఇంకోవైపు. వదిన చాలాసేపు దాన్నే చూసి, "రాష్ట్రం విడిపోయింది పాపా" అంది. అనేశాక తానేమందో తనకే అర్థమై, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె గట్టిగా నవ్వడం నాకు ఎక్కువగా గుర్తులేదు. అదొకటి గుర్తుంది.

తరువాత సొరుగులోనుంచి ఒక పాత ఫోను తీసేది. అద్దం పగిలిన, చవక రకం ఫోను. దాంట్లో పేజీ తెరిచి మిద్దె మీదికి పోయి ఎండలో పెట్టి చూసేది. ఆఫీసులో పెద్ద తెర మీద ఎంత అందంగా కనిపించినా ఆమెకు లెక్క లేదు. "మనం సదివేది నీడలో. వాళ్ళు సదివేది యాడ?"

నగరిలో ఒక పెళ్ళి మండపం యజమాని మా దగ్గరికి వచ్చాడు. మరమగ్గాల మీద సంపాదించి మండపం కట్టిన పెద్దమనిషి. ఆయన దగ్గరికి పెళ్ళివాళ్ళు అటు తమిళనాడు నుంచీ ఇటు మన వైపు నుంచీ వస్తారు. అందుకని పేజీ మీద తమిళమూ తెలుగూ పక్కపక్కనే ఉండాలన్నాడు. చెప్పినంత తేలిక కాదు అది. తమిళ అక్షరం నిటారుగా నిలబడుతుంది. తెలుగు గుండ్రంగా ఉండి, ఒత్తులన్నీ కిందికి వేలాడతాయి. ఒకే కొలతలో పెడితే తెలుగు చిన్నబోతుంది. పెంచితే ఒత్తులు కింది వరుసలోకి దిగబడతాయి. వదిన వారం పాటు వాటి మధ్య రాజీ కుదర్చడానికి తంటాలు పడింది. ఆఖరికి రెండూ ఒక ఇంటి పిల్లల్లా కనిపించే జత దొరికింది. ఆయనకు చూపిస్తే, "ఇదేం మా, సప్పగా ఉండాదే. పెళ్ళంటే కళ ఉండాల గదా" అని, తన ఫోనులో ఉన్న ఒక శుభలేఖ చూపించాడు. "ఈ ఎళుత్తు పెట్టు" అన్నాడు. ఎళుత్తు అంటే అక్షరం. నగరిలో ఆ మాట తెలుగే.

అది నిజంగానే అందమైన అక్షరం. లావుగా, వంపుగా, తల మీద తలకట్టు పూలమొగ్గలా ఉంటుంది. నేను వెతికి పట్టుకున్నాను. ఉచితమే. దింపుకుని పెట్టేయబోతుంటే వదిన నా చెయ్యి పట్టుకుంది. దాంతో పాటు వచ్చిన లైసెన్సు కాగితం తెరిచి, చివరిదాకా చదివింది. సొంతానికి వాడుకోవచ్చు గానీ వ్యాపారానికి వాడాలంటే అడగాలని అందులో ఉంది.

"ఎవరొచ్చి సూస్తారు మా? నగరి దాకా వచ్చి అడుగుతాడా వాడు?" అన్నాడు యజమాని.

"రాడు సార్. రాలేడని తెలిసే గదా అడగమంటా ఉండాది" అంది వదిన. "ఒక్కో గుణింతం, ఒక్కో ఒత్తు కూర్చుని గీసుంటాడు. మనల్ని నమ్మి వాకిట్లో పెట్టినాడు. అడక్కుండా ఎత్తుకోని పోతే ఎట్ల?"

ఆమె ఆ గీసినాయనకు మెయిలు రాసింది. రాసినప్పటినుంచీ ఇంకో భయం పట్టుకుంది. తప్పుగా రాశానేమో, కోప్పడతాడేమో, మనం అడిగేది చిన్న పని, ఆయన ఎంత పెద్దవాడో. మూడోనాటికి జవాబు వచ్చింది. సంతోషంగా వాడుకోండి, నన్ను అడిగినవాళ్ళు తక్కువ అని రాశాడాయన. దాన్ని వదిన నాకు రెండు సార్లు చదివి వినిపించింది. అంత పద్ధతిగా సంపాదించుకున్న అక్షరం కాబట్టి ఆమెకు దాని మీద మమకారం ఏర్పడింది. పెళ్ళి మండపానికి పెట్టింది. కష్టమైన మాటలన్నీ అది నిలబెట్టుకుంది. తరువాత ఇంకో రెండు చోట్ల వాడింది. అందులో ఒకటి పులికాట్ ఒడ్డు పల్లెల మత్స్యకారుల సంఘం వెబ్‌సైటు.

ఆ పని ఆమె పుట్టింటి పని. వాళ్ళ నాయన ఆ సరస్సులోనే బతికి పోయాడు. తమ్ముడు ఇప్పటికీ చిన్న పడవ మీద రొయ్యలకూ చేపలకూ పోతాడు. సంఘం వాళ్ళు అడిగినప్పుడు ఆమె ముఖం వెలిగిపోయింది. పేజీ తలమీద ఒక వరుస కేటాయించాం. వాతావరణం ఎట్లా ఉంది, వేటకు పోవచ్చా, పోకూడదా అనేది సంఘం ఆఫీసులో పనిచేసే అమ్మాయి రోజూ అందులో రాస్తుంది. ఆ వరుస అందరికీ కనబడాలని వదిన అన్నింటికన్నా లావైన అక్షరం పెట్టింది. అదే, నగరి మండపం అక్షరం.

కార్తీక మాసంలో వాయుగుండం పట్టింది. పొద్దుననుంచే తిరుపతిలో కొండ కనబడకుండా మబ్బు దిగింది. వదిన టిఫిను కూడా సరిగ్గా తినలేదు. వస్తూనే తమ్ముడికి ఫోను చేసింది. కలవలేదు. మరదలికి చేసింది. ఫోనులో అవతలి గొంతు నాకూ వినబడింది.

"పొయ్యినాడు వదినా, తెల్లారేటప్పుడే పొయ్యినాడు."

"పొయ్యినాడా? ఈ గాలిలోనా? సంఘం వాళ్ళు సెప్పలేదా?"

"మీ సైటులో సూసుకోనే పొయ్యినాడే. పోవచ్చు అని ఉండాదంట."

వదిన ఫోను పెట్టేసింది. సొరుగు లాగి పాత ఫోను తీసింది. పేజీ తెరిచి నా చేతికిచ్చింది. "సదువు" అంది.

"వేటకు పోవద్దు" అని చదివాను.

"తెలిసి సదవొద్దు పాపా. తెలియనట్టు సదువు."

నాకు చేతకాలేదు. ఈ మబ్బులో సంఘం అమ్మాయి రాసేది పోవద్దు అనేనని నాకు తెలుసు. నా కన్ను అదే చూస్తోంది. ఆమె ఫోను లాక్కుని మెట్లు దిగి హోటల్లోకి పోయింది. వెనకే నేనూ. దోసె పెనం దగ్గరున్న మాస్టరుకు చూపించింది. ఆయన చెయ్యి తుడుచుకుని, ఫోనును దూరంగా పట్టుకుని, కళ్ళు చికిలించి, "వేటకు పోవచ్చు" అని చదివాడు. "ఎందుకమ్మా?"

అక్షరం లావు కావడంతో దకారం పొట్టలో ఉండాల్సిన సందు పూడుకుపోయింది. కింది ఒత్తు మొదలే చిన్నది. ఆ చిన్న తెర మీద వరుస అడుగున సగం తెగిపోయింది. మిగిలినదాన్ని ద్దు అనుకుంటే ద్దు, చ్చు అనుకుంటే చ్చు. పొద్దున్నే పోవాలని మనసులో ఉన్నవాడికి అది ఏమని కనిపిస్తుంది?

మెట్లెక్కుతూ వదిన సంఘం అమ్మాయికి ఫోను చేసింది. "మైకులో సెప్పించు తల్లీ. ఇప్పుడే. ఒడ్డు పొడుగునా సెప్పించు. ఫోన్లు సూడొద్దని కూడా సెప్పు." తరువాత కుర్చీలో కూర్చుంది. మౌసు పట్టుకుంటే చెయ్యి జారుతోంది. "నువ్వు కొట్టు పాపా, నేను సెప్తా" అంది. ముందు అక్షరం మార్చమంటుందనుకున్నాను. కాదు, ముందు మాట మార్పించింది. "పోవద్దు తీసెయ్. వేట బంద్ అని పెట్టు. పడవలు ఒడ్డునే ఉండాలి అని పెట్టు. ఒక్క ఒత్తు మీద మనిషి ప్రాణం పెట్టగూడదు." ఆ తరువాతే ఫాంటు తీసేయించి, ఫోనులో పుట్టుకతో ఉండే మామూలు అక్షరం పెట్టించింది.

మైకు విని ఆగినవాళ్ళు ఆగారు. ముందే పోయినవాళ్ళలో రెండు పడవలు తిరిగి వచ్చాయి. తమ్ముడి పడవ రాలేదు.

ఆ మధ్యాహ్నం గురించి చెప్పడానికి నా దగ్గర ఎక్కువేమీ లేదు. తిరుపతిలో వాన మొదలైంది. వదిన కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. పాఠాలు చెప్పే బడినుంచి అన్న వచ్చాడు, సగంలో సెలవు పెట్టి. ఫోను మోగినప్పుడల్లా ఆమె నా ముఖం చూసేది, నేను ఎత్తేదాన్ని. ఒకసారి లాడ్జీ వాళ్ళు, బొమ్మ మార్చమని. ఒకసారి వదిన వాళ్ళమ్మ, ఏమైనా తెలిసిందా అని. ఆవిడ ఒడ్డున ఉంది, మేము ఇక్కడున్నాం, ఆవిడ మమ్మల్ని అడుగుతోంది. వదిన ఫోను తీసుకుని, "వస్తాడు మా, వస్తాడు" అంది. తనకు లేని ధైర్యం ఎక్కడినుంచి తెచ్చి ఇచ్చిందో తెలియదు.

పొద్దు వాలుతుండగా తమ్ముడే ఫోను చేశాడు. "అక్కా, గాలి తిరిగేది సూసినాం. నడిమధ్యలో ఆగలేక దీవి కాడ పడవ ఒడ్డుకు ఎక్కించేసినాం. వల పోయింది. అంతే. మనుసులం బాగుండాం."

ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఒక్కటే అడిగింది. "నువ్వు పొద్దన సదివింది ఏమని?"

"పోవచ్చు అనే గదక్కా ఉన్నింది?"

"ఊఁ" అంది. ఫోను పెట్టేసి బయటికి పోయి మెట్ల మీద కూర్చుంది. కింద హోటల్లో పొయ్యి వెలిగిస్తున్నారు. నేను పక్కన కూర్చుని, "ఫాంటుదే తప్పు వదినా, ఉచితంగా ఇచ్చేవి అంతే" అని ఏదో అన్నాను, ఓదార్పుకు.

"దాన్ని అనొద్దు పాపా. అది పెళ్ళిపత్రిక కోసరం పుట్టిన అక్షరం. దాన్ని తీసకపోయి తుపాను కాడ నిలబెట్టింది నేను." అరచేతులు కొంగుకు తుడుచుకుంటూ, "కష్టమైన మాటలన్నీ పరీక్ష పెట్టినా. ప్రాణం ఉండేది తేలిక మాటలో అని తెలుసుకోలే" అంది.

ఆ ఆదివారం నన్ను వెంటబెట్టుకుని వాళ్ళ పల్లెకు పోయింది. రొయ్యలు ఎండబెట్టే చోట ఆడవాళ్ళు పనిలో ఉన్నారు. ఉప్పు గాలి, నడినెత్తిన ఎండ. నాలుగు ఉచిత ఫాంట్లలో కొన్ని మాటల జతలు, వాటితో చిన్న వాక్యాలు చేసి ఫోనులో పెట్టుకుని వచ్చింది. పోవద్దు పోవచ్చు. పాము వాము. మంది మండి. ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని చదివించింది. కొందరికి చదువు బాగా వచ్చు, కొందరికి కూడబలుక్కుని వచ్చు. "పాము నీళ్ళు తాగితే కడుపునొప్పి తగ్గుతాది" అని ఒకామె చదివేసరికి అందరూ విరగబడి నవ్వారు. వదిన నవ్వలేదు. ఆ ఫాంటును పక్కన పెట్టేసింది.

ఆఖరికి ఒకటి మిగిలింది. సాదాది. లోపలి సందులన్నీ విశాలంగా, ఒత్తులు పెద్దవిగా ఉంటాయి. చూడ్డానికి ఏ కళా లేదు. ఒక ముసలామె దాన్ని గబగబా చదివేసింది. వదిన ఆశగా, "ఇది బాగుందా అవ్వా?" అని అడిగింది.

"బాగుండేదానికి ఏముంది తల్లీ" అంది ముసలామె. "అగుపడతాది."

అప్పటినుంచీ మా ఆఫీసులో ఏ ఫాంటు పెట్టినా వదిన అడిగేది అదొక్కటే. అగుపడతాదా? అందం సంగతి నన్ను చూసుకోమనేది.

ఆ తుపాను ఆమెకు ఒక శాంతి ఇచ్చిందని రాయగలిగితే బాగుండేది. ఇవ్వలేదు. భయం ఇంకా పెరిగింది. అంతకు ముందు చేసిన సైట్లన్నీ ఒక్కొక్కటిగా తిరిగి తెరవడం మొదలుపెట్టింది. నర్సింగ్ హోము పేజీలో 'పరగడుపున' అన్న మాట సరిగ్గా కనిపిస్తోందా, బడి సైటులో బస్సు వేళలు తెగిపోలేదు కదా. ఎవరూ అడగని పని. కొత్త పనులు ఆలస్యమయ్యాయి. ఒకరిద్దరు విసుక్కుని వేరే వాళ్ళ దగ్గరికి పోయారు. అన్న కూడా, "ఎంతకాలం ఇట్లా బెదురుతా బతుకుతావు?" అని ఒకసారి గట్టిగానే అడిగాడు. ఆమె కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండా, "బెదురు ఉండేది మంచిదే. అది పొయ్యిందంటే సూసేది మానేస్తాం" అంది.

ఇన్నింటికి భయపడిన మనిషి తన ఎదలో వచ్చే నొప్పికి మాత్రం భయపడలేదు. గ్యాసు అంటూ సోంపు నమిలేది. చెన్నైలో చూపించుకుందాం అంటే, "రొంబ పని ఉండాది, ఇది అయినాక" అనేది. భయమంతా మాకే ఖర్చు పెట్టేసింది కాబోలు.

పెద్దకర్మకు ముందు ఆమె తమ్ముడూ నేనూ సూళ్ళూరుపేటలో ఫ్లెక్సీ అంగడికి పోయాం. ఫోటో, పేరు, కింద శ్రద్ధాంజలి. అంగడతను మంచివాడే, చేతిలో పని ఎక్కువగా ఉంది. మెరుపూ నీడా ఉన్న ఒక అక్షరం తీసి టకటకా కొట్టాడు. శ్రద్ధాంజలిలో రావత్తు విడిపోయి పక్కన నిలబడింది. ధావత్తు ఏదో మచ్చలా ఉంది.

"అన్నా, ఇది మార్చాలి" అన్నాను.

"ఎవురు సూస్తారక్కా. ఫోటో సూస్తారు గానీ."

నా అరచేతులు చెమర్చాయి. కొంగుకు తుడుచుకున్నాను. అతని కంప్యూటరులో ఉన్న అక్షరాలన్నీ ఒకదాని తరువాత ఒకటి తీయించాను. ఒకటి తెగుతోంది, ఒకటి అతుక్కుపోతోంది. వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు, ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కోసం. నా ఫోనునుంచి ఒక ఉచిత ఫాంటు అతనికి పంపించాను. దాన్ని ఎక్కించడానికి అతను గొణుగుతూనే ఒప్పుకున్నాడు. అప్పుడు నాకు నిజమైన భయం పట్టుకుంది. ఊళ్ళో ఉన్న వాళ్ళందరి పేర్లకూ అక్షరాలు ఏరిన మనిషి, తన పేరుకు ఏ అక్షరం కావాలో ఎప్పుడూ చెప్పలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు, అడగాల్సి వస్తుందని ఎవరనుకుంటారు? సాదాది పెడితే ఆమెకు నచ్చుతుందా? నగరి అక్షరం మీద ఆమెకు ఒకప్పుడు ఎంత ఇష్టం. అది పెడితే నొచ్చుకుంటుందా? ఆ రెండూ తెర మీద పక్కపక్కన పెట్టించి నిలబడిపోయాను. ఎంతసేపటికీ తేలలేదు.

ఆమె తమ్ముడు అంతసేపూ నా వెనకే నిలబడి చూస్తున్నాడు. ఉన్నట్టుండి అంగడి దిగి, రోడ్డు దాటి, అవతలి గట్టున నిలబడ్డాడు. అక్కడినుంచి తెరవైపు చూసి చెయ్యెత్తి సాదా అక్షరం వైపు చూపించాడు. తిరిగి వచ్చాక అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "దీంట్లో మా అక్క పేరు ఆడికి కూడా తెలస్తా ఉండాదిమ్మా" అన్నాడు.

ఇప్పుడు ఆఫీసులో నేనొక్కదాన్నే. ఈ వారం ఒక నర్సింగ్ హోముకు కొత్త పేజీ చేస్తున్నాను. మందులు వేసుకునే వేళలు తెలుగులో పెట్టమన్నారు. మూడు ఫాంట్లు తెరిచి పెట్టుకుని నిన్నటినుంచీ ఏదీ తేల్చుకోలేకపోతున్నాను. హోటలు మాస్టరుతో చదివించాను, కూరగాయలమ్మే ఆమెతో చదివించాను. అందరూ సరిగ్గానే చదివారు. అయినా నాకు నమ్మకం కలగడం లేదు. ఏ తేలిక మాటను నేను మరిచిపోయానో చెప్పేవాళ్ళు లేరు.

పోయిన నెల వదిన వాళ్ళ పల్లెకు వెళ్ళాను. ముసురు పట్టింది. ఎండబెట్టిన రొయ్యల మీద ఏవేవో పట్టలు కప్పి, అంచుల వెంబడి రాళ్ళు పెట్టారు. వాటిలో ఒకటి వదిన ఫ్లెక్సీ. నేను దాని దగ్గర ఆగిపోవడం చూసి వాళ్ళమ్మ కంగారుగా వచ్చింది. "కోప్పడొద్దు తల్లీ. గట్టి పట్ట అది, నీళ్ళు దిగవు. మొకం తడవకుండా లోపలికి పెట్టి కప్పినా" అంది. కోపమేముంది అని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

వాన ఇంకా మొదలు కాలేదు. సరస్సు మీదినుంచి గాలి వచ్చినప్పుడల్లా రాయి లేని ఒక మూల లేచి, వదిన పేరులోని నల్లటి పెద్ద అక్షరం ఒకటి సగం కనిపించి, మళ్ళీ రొయ్యల మీదికి వాలిపోతోంది. ఆవిడ ఒక రాయి వెతుక్కొచ్చింది. వంగి, దాన్ని ఆ మూల మీద పెట్టకుండా, చేతిలోనే పట్టుకుని, ఆ అక్షరం లేచే వైపే చూస్తూ నిలబడింది.